చప్పట్లు ఒకటి, జ్ఞాపకం ఇంకొకటి: బిజినెస్ సదస్సుల్లో గొప్ప వక్తలు ఏం చేస్తారు?

1973లో ఒక వైద్యవిద్యా పత్రికలో అచ్చయిన ప్రయోగం గురించి సదస్సులు నిర్వహించే ప్రతివాళ్ళూ తెలుసుకోవాలి. సైకియాట్రిస్టులు, సైకాలజిస్టులు కూర్చున్న సభకు డాక్టర్ మైరన్ ఫాక్స్ అనే పెద్దమనిషిని తీసుకొచ్చారు. మనుషుల ప్రవర్తనకు గణితాన్ని అన్వయించడంలో దిట్ట అని పరిచయం చేశారు. ఆయన గంటసేపు మాట్లాడి, మరో అరగంట ప్రశ్నలకు జవాబులిచ్చారు. ధాటి, హాస్యం, ఆత్మీయత దేనికీ లోటు లేదు. నిజానికి ఆయన డాక్టరూ కాదు, గణితం చదివినవాడూ కాదు. మైకేల్ ఫాక్స్ అనే నటుడు. ఉపన్యాసం మొత్తాన్ని ఒకదానికొకటి పొసగని వాక్యాలతో, భాషలో లేని పదాలతో, మొదలెట్టి మధ్యలో వదిలేసిన వాదనలతో కావాలనే అల్లారు. నేరుగా విన్నవాళ్ళు, తర్వాత వీడియోలో చూసినవాళ్ళు కలిపి 55 మంది అభిప్రాయపత్రాలు నింపారు. ఎక్కువమంది బాగుందన్నారు, ఆలోచింపజేసిందన్నారు. ఆయన రచనలు ఇదివరకే చదివానని ఒకరు చెప్పారు కూడా. మోసం ఒక్కరూ పట్టుకోలేదు.

‘గొప్ప వక్త’ అన్నప్పుడు మనం మూడు వేర్వేరు సంగతుల్ని కలిపేస్తున్నామని ఈ ప్రయోగం చూపిస్తుంది. హాల్లో కూర్చున్నంతసేపు నచ్చడం ఒకటి. నెల తర్వాత కూడా గుర్తుండటం రెండోది. విన్న మాట వల్ల పనిలో ఏదైనా మార్చుకోవడం మూడోది. మొదటిది ఉంటే మిగతా రెండూ వాటంతట అవే వస్తాయని అనుకుంటాం. రావు. ఒక్కొక్కదానికి కావలసిన నేర్పు వేరు.

2013లో వచ్చిన మరో ప్రయోగం ఈ తేడాను ఇంకా స్పష్టంగా పట్టుకుంది. షానా కార్పెంటర్ అనే మనస్తత్వశాస్త్రవేత్త, ఆమె సహచరులు ఒకే పాఠాన్ని రెండు రకాలుగా చిత్రీకరించారు. మూడు రంగుల మచ్చలుండే పిల్లులు దాదాపు అన్నీ ఆడవే ఎందుకవుతాయన్నది పాఠం. ఒక వీడియోలో బోధకురాలు నిటారుగా నిలబడి, మన కళ్ళలోకి చూస్తూ, కాగితం అవసరం లేకుండా చెబుతుంది. రెండో వీడియోలో ఆవిడే నోట్సు మీదికి వంగి, తడుముకుంటూ అదే పాఠం చదువుతుంది. మొదటిది చూసిన విద్యార్థులు తమకు చాలా గుర్తుంటుందని ధీమాగా చెప్పారు. పరీక్ష పెడితే రెండు వర్గాలకూ ఇంచుమించు ఒకేలా గుర్తుంది. అంటే ధారాళంగా మాట్లాడే మనిషి మనలో కలిగించేది ‘నాకు అర్థమైంది’ అన్న నమ్మకం. ఆ నమ్మకం నిజమా కాదా అన్నది వేరే లెక్క.

ఇక్కడే ఒక అపోహనూ వదిలించుకోవాలి. వక్తలకు శిక్షణ ఇచ్చే చోట్ల తరచూ వినబడే లెక్క ఒకటుంది: మన మాట ప్రభావంలో పదాల వాటా 7 శాతం, గొంతుది 38, హావభావాలది 55 అని. 1967లో ఆల్బర్ట్ మెహ్రాబియన్ అనే మనస్తత్వశాస్త్రవేత్త చేసిన ప్రయోగాల నుంచి పుట్టిన అంకెలివి. ఆయన పరీక్షించింది విడివిడి పదాలను, ఎదుటి మనిషికి మన మీద ఇష్టం ఉందా లేదా అని ఊహించే సందర్భాలను. మాట ఒకటి, ముఖం ఇంకొకటి చెబుతుంటే దేన్ని నమ్ముతామన్నది అసలు ప్రశ్న. ఇది భావాలు వెల్లడించే సందర్భాలకే వర్తిస్తుందని ఆయనే స్పష్టంగా చెప్పారు. మనకు రాని భాషలో ఎవరైనా గంటసేపు ఉపన్యసిస్తే అందులో 93 శాతం మనకు అర్థం కావాలి కదా, ఆ లెక్క నిజమైతే!

అలాగని ధాటి అక్కర్లేదని నేననను. శ్రోత చెవి ఇవ్వకపోతే ఎంత గొప్ప సరుకున్నా వృథాయే. కానీ ధాటి తలుపు తెరిపిస్తుంది, అంతవరకే. లోపలికి ఏం తీసుకెళ్ళారన్న దగ్గరే గొప్ప వక్తలు విడిగా కనబడతారు.

ముందు ప్రశ్న, తర్వాత లెక్క

గణాంకాలతో హాలును కట్టిపడేసిన మనిషి ఎవరంటే నాకు మొదట గుర్తొచ్చేది హాన్స్ రోజ్లింగ్. స్వీడన్ వైద్యుడు, స్టాక్‌హోమ్‌లోని కరోలిన్‌స్కా ఇన్‌స్టిట్యూట్‌లో ప్రొఫెసర్. 2006 ఫిబ్రవరిలో కాలిఫోర్నియాలోని మాంటెరేలో జరిగిన టెడ్ (కొత్త ఆలోచనల మీద చిన్న ప్రసంగాలకు పేరున్న వేదిక) సదస్సులో ఆయన ప్రసంగం ఇప్పటికీ చూడొచ్చు. మొదటి ఐదు నిమిషాలను కాస్త ఆగి ఆగి చూడాలి.

ఆయన గ్రాఫుతో మొదలుపెట్టలేదు. తన విద్యార్థులకు పెట్టిన పరీక్షతో మొదలుపెట్టారు. ఐదు జతల దేశాలు. ప్రతి జతలోనూ ఒక దేశంలో చిన్నపిల్లల మరణాల రేటు రెండో దేశంలో కంటే రెట్టింపు. ఎక్కువ ఉన్నది ఏదో గుర్తుపట్టాలి. శ్రీలంకా, టర్కీయా? పోలండా, దక్షిణ కొరియానా? విద్యార్థులకు సగటున ఐదింట్లో 1.8 సరిపోయాయి. దేశాల పేర్లు రాసిన రెండు అరటిపళ్ళు చింపాంజీ ముందు పెట్టినా సగం సరిగ్గా వచ్చేవని ఆయన అనగానే హాలంతా నవ్వింది. నవ్వుతూనే ప్రతి ఒక్కరూ లోలోపల ఆ ప్రశ్నలకు జవాబు చెప్పుకుని ఉంటారు, చాలామంది తప్పే చెప్పుకుని ఉంటారు. ఇప్పుడు వాళ్ళకు ఆ అంకెలు కావాలి. నిమిషం క్రితం అవసరం లేని అంకెలు!

ఆ తర్వాత ఇంకో మంచి పని చేశారు. ధనిక దేశాల్లో చిన్న కుటుంబాలు, దీర్ఘాయుష్షు; మిగతా దేశాల్లో పెద్ద కుటుంబాలు, తక్కువ ఆయుష్షు అన్న శ్రోతల నమ్మకాన్ని ఆయన కొట్టిపారేయలేదు. తెర మీద 1962 నాటి చిత్రం పెట్టి, అది అప్పటికి నిజమేనని ఒప్పుకున్నారు. అడ్డగీత దేన్ని చూపిస్తుందో, నిలువుగీత దేన్ని చూపిస్తుందో, ఒక్కో దేశానికి గుర్తుగా పెట్టిన బుడగ పెద్దగా ఉంటే అర్థమేమిటో ఓపిగ్గా చెప్పారు. ఆ తర్వాతే బుడగల్ని కదిలించారు. ఏళ్ళు గడుస్తుంటే దేశాలు ఒక్కొక్కటే చిన్న కుటుంబాల వైపు, ఎక్కువ ఆయుష్షు వైపు జరుగుతూ వెళ్ళాయి. ఆయన తెర పక్కన అటూఇటూ తిరుగుతూ ఆట వ్యాఖ్యానం చెప్పినంత వేగంగా చెప్పుకుంటూ పోయారు. 2003 వచ్చేసరికి ‘మనం, వాళ్ళు’ అన్న గీత ఎక్కడుందో వెతుక్కోవాల్సి వచ్చింది. ప్రపంచం మారిందన్న ముగింపు ఆయన చెప్పకముందే శ్రోతల కళ్ళు చెప్పేశాయి.

చివరి అడుగు శ్రోతను వెయ్యనివ్వడం. ఎన్ని గొప్ప ప్రసంగాలు చూసినా నాకు పదే పదే కనిపించేది ఇదే.

సదస్సు వేదిక కాకపోయినా ఈ సూత్రం అచ్చంగా పనిచేసిన సందర్భం ఇంకొకటుంది. హార్వర్డ్ బిజినెస్ స్కూల్ ప్రొఫెసర్ క్లేటన్ క్రిస్టెన్‌సన్‌ను కంప్యూటర్ చిప్‌లు తయారుచేసే ఇంటెల్ అధిపతి ఆండీ గ్రోవ్ పిలిపించారు. చిన్న కంపెనీలు చవక సరుకుతో మొదలై పెద్దవాటిని ఎలా దెబ్బతీస్తాయో చెప్పే మీ సిద్ధాంతం ప్రకారం ఇంటెల్ ఏం చెయ్యాలో చెప్పమన్నారు. క్రిస్టెన్‌సన్ అరగంట అడిగారు. పది నిమిషాలు గడిచాయో లేదో గ్రోవ్ అడ్డుపడి, సిద్ధాంతం అర్థమైంది, ఇంటెల్ సంగతి చెప్పండన్నారు. క్రిస్టెన్‌సన్ లొంగలేదు. ఇంకో పది నిమిషాలిస్తే ఉక్కు పరిశ్రమ కథ చెబుతానన్నారు. చిన్న ఉక్కు మిల్లులు ముందు కాంక్రీటులో వేసే కడ్డీలతో మొదలుపెట్టడం, లాభం తక్కువని పెద్ద కంపెనీలు ఆ సరుకును సంతోషంగా వదిలేసుకోవడం, చిన్నవి ఒక్కో మెట్టూ ఎక్కుతూ పెద్దవాటి కిందికే నీళ్ళు తేవడం. కథ పూర్తయ్యేసరికి గ్రోవే అందుకుని, అయితే ఇంటెల్‌కు దీని అర్థం ఇదన్నమాట అంటూ తమ వ్యూహాన్ని తనే చెప్పుకొచ్చారు. చవక కంప్యూటర్ల కోసం తెచ్చిన సెలెరాన్ చిప్ వెనకున్న ఆలోచన అదే. మైక్రోప్రాసెసర్ల గురించి గ్రోవ్‌కే నేను సలహా ఇవ్వబోయి ఉంటే నిలిచేవాణ్ణి కాదన్న అర్థంలో క్రిస్టెన్‌సన్ తర్వాత రాశారు.

బిజినెస్ సదస్సుల్లో ఇది ఎందుకంత ముఖ్యమంటే, ఎదురుగా కూర్చున్నవాళ్ళు తమ పనిలో ఆరితేరినవాళ్ళు. వాళ్ళ వ్యాపారం వాళ్ళకంటే వక్తకు ఎక్కువ తెలియదు. ‘మీరు చెయ్యాల్సిన ఏడు పనులు’ అని స్లైడు పెట్టగానే వాళ్ళలో ఒక గోడ లేస్తుంది. వేరే పరిశ్రమ కథ చెబితే ఆ గోడ లేవదు. పోల్చుకునే పని వాళ్ళే చేసుకుంటారు.

వక్త తలలో మోగే పాట

ఇంత తెలిసినా చాలా ప్రసంగాలు ఎందుకు తేలిపోతాయి? వక్తలు తెలివితక్కువవాళ్ళు కాబట్టి కాదు, విషయం మరీ బాగా తెలియడం వల్ల. 1990లో స్టాన్‌ఫర్డ్‌లో ఎలిజబెత్ న్యూటన్ చేసిన పరిశోధన దీన్ని చక్కగా పట్టుకుంది. కొందరు అందరికీ తెలిసిన పాటల లయను బల్ల మీద వేళ్ళతో తట్టారు, ఎదుటివాళ్ళు ఆ పాటేదో చెప్పాలి. తట్టినవాళ్ళు సగం పాటలైనా గుర్తుపడతారని అంచనా వేశారు. తట్టిన 120 పాటల్లో గుర్తుపట్టినవి మూడు. తట్టేవాళ్ళ తలలో పాట మొత్తం మోగుతోంది; వినేవాళ్ళకు చేరింది టకటకలు మాత్రమే. సొంత కంపెనీ గురించి, సొంత రంగం గురించి మాట్లాడే ప్రతి వక్తదీ ఇదే ఇబ్బంది. ఎంత గట్టిగా తట్టినా లాభం లేదు. ఆ రంగంతో సంబంధం లేని ఒక మనిషికి ముందుగా చెప్పి చూసి, తిరిగి చెప్పమంటే ఎక్కడ తెగిందో అప్పుడే తెలుస్తుంది.

సాధన గురించి చెప్పాలంటే స్టీవ్ జాబ్స్ పేరు రాకుండా ఉండదు. 2007 జనవరి 9న శాన్‌ఫ్రాన్సిస్కోలో ఐఫోన్‌ను పరిచయం చేసిన ప్రసంగాన్ని అందరూ మెచ్చుకుంటారు, కానీ ఎక్కువమంది అనుకరించేది నల్ల చొక్కాను, ఖాళీ స్లైడును. ఆ రోజు ఆయన మూడు కొత్త వస్తువులు తెచ్చానన్నారు: వెడల్పు తెర ఐపాడ్, ఫోను, ఇంటర్నెట్ పరికరం. అవే మూడు పేర్లు మళ్ళీ చెప్పారు. మళ్ళీ చెప్పారు. అర్థమవుతోందా అని అడిగారు. ఇవి మూడు కాదు, ఒక్కటే అని ఆయన అనేలోపే హాలు గొల్లుమంది. రోజ్లింగ్ బుడగలు చేసిన పనే ఇదీ.

వెనక ఏం జరిగిందో ఆ బృందంలోని ఇంజనీర్లు తర్వాత చెప్పారు. ఫోను అప్పటికి సగం సగంగానే పనిచేస్తోంది. ఈమెయిల్ పంపి తర్వాత వెబ్ తెరిస్తే పర్లేదు, ముందు వెబ్ తెరిచి తర్వాత ఈమెయిల్‌కు వెళ్తే మొరాయించవచ్చు. అందుకని ఏ పని తర్వాత ఏ పని చెయ్యాలో ఒక క్రమం తయారుచేసుకుని, రోజుల తరబడి రిహార్సల్ చేశారు. మనం చూసిన తేలికదనం వెనక ఉన్నది ఆ చాకిరీ. ప్రసంగం మధ్యలో స్లైడ్లు మార్చే క్లిక్కర్ పనిచెయ్యకపోయినప్పుడు ఆ సాధన విలువ కనబడింది. జాబ్స్ కంగారుపడలేదు. కుర్రతనంలో తన మిత్రుడు వాజ్నియాక్ టీవీ బొమ్మ చెదిరిపోయేలా చేసే చిన్న పరికరం తయారుచేశాడని, కాలేజీ హాస్టల్లో ఎవరో లేచి టీవీ సరిచేయబోయి కాలెత్తగానే బొమ్మ మళ్ళీ వచ్చేలా చేసి ఏడిపించేవాళ్ళమని చెబుతూ, ఆ భంగిమ తనే నిలబడి చూపించారు. హాలు నవ్వుతుండగానే స్లైడ్లు కదిలాయి, ఆయన ఆగిన చోటి నుంచి అందుకున్నారు. బట్టీపట్టి ఉంటే అలా కుదరదు. తర్వాత ఏం రావాలో నరనరానా తెలిసిన మనిషికే దారి తప్పి మళ్ళీ రావడం సాధ్యం.

స్లైడ్ల గురించి ఒక్క మాట చాలు. తెర మీదున్న వాక్యాన్నే వక్త చదివితే అది రెట్టింపు బలమివ్వదు, నేర్చుకోవడానికే అడ్డొస్తుందని మనస్తత్వశాస్త్రవేత్త రిచర్డ్ మేయర్ ఏళ్ళ తరబడి చేసిన ప్రయోగాలు చెబుతున్నాయి. జెఫ్ బెజోస్ 2004లో అమెజాన్ పెద్దల సమావేశాల్లో పవర్‌పాయింట్ మాన్పించి, ఆరు పేజీల వ్యాసం రాసుకురమ్మన్నారు. సదస్సుకు ఆ పద్ధతి పనికిరాదు గానీ, చదవాల్సింది కాగితం మీద, చూడాల్సింది తెర మీద అన్న విభజన పనికొస్తుంది.

గుర్తుండిపోవడంలో ఉన్న ప్రమాదం

రెండో గుణాన్ని, అంటే గుర్తుండటాన్ని, మనం అనుమానం లేకుండా మెచ్చుకుంటాం. 1991 ఏప్రిల్ 23న లండన్‌లోని రాయల్ ఆల్బర్ట్ హాల్లో బ్రిటన్ కంపెనీ డైరెక్టర్ల సంస్థ సదస్సు జరిగింది. నగల దుకాణాల గొలుసు అధిపతి జెరాల్డ్ రాట్నర్ మాట్లాడారు. గాజు మద్యపాత్ర, ఆరు గ్లాసులు, వెండి పూత పళ్ళెం అన్నీ కలిపి 4.95 పౌండ్లకే ఎలా ఇవ్వగలుగుతున్నారని జనం అడుగుతుంటారని చెప్పి, అదంతా చెత్త కాబట్టి అన్నారు. తాము అమ్మే చెవిపోగులు శాండ్‌విచ్ కంటే చవకని, అయితే శాండ్‌విచ్చే ఎక్కువకాలం మన్నుతుందేమోనని కూడా అన్నారు. హాలు పగలబడి నవ్వింది. మర్నాడు పత్రికలు ఆ మాటల్ని కొనుగోలుదార్లకు వినిపించాయి. కంపెనీ విలువలో దాదాపు 50 కోట్ల పౌండ్లు ఆవిరయ్యాయి. 1992 నవంబరులో ఆయన తప్పుకోవాల్సి వచ్చింది, మరుసటి ఏడాది కంపెనీ పేరు కూడా మారిపోయింది.

మొదటి గుణం, అంటే హాల్లో నచ్చడం, ప్రకారం చూస్తే అది విజయవంతమైన ప్రసంగం. రెండో గుణం ప్రకారం చూస్తే ముప్పై ఏళ్ళు దాటినా చెప్పుకుంటున్నాం. ఆయన గురి పెట్టింది ఎదురుగా ఉన్న డైరెక్టర్ల మీద. అసలు శ్రోతలు హాలు బయటున్నారు. ఇప్పుడు ప్రతి ఫోనులోనూ కెమెరా ఉంది కాబట్టి, కిటకిటలాడే హాల్లో మాట్లాడే ప్రతి వక్తకూ ఆ రెండో హాలు ఉంటుంది.

ఇంకో రకం ప్రమాదం ఇంత బాహాటంగా కనబడదు. నాయకత్వం మీద రాసే, మాట్లాడే సైమన్ సినెక్ 2009లో టెడ్ పేరుతో స్థానికులు నడిపే ఒక చిన్న టెడెక్స్ సభలో మాట్లాడారు. మధ్యలో మైకు మార్చాల్సి వచ్చింది. ఆయన దగ్గరున్నది కాగితపు బోర్డు, మార్కరు పెన్ను. మూడు వలయాలు గీశారు: ఎందుకు, ఎలా, ఏమిటి. గొప్ప నాయకులు ‘ఎందుకు’తో మొదలుపెడతారన్నారు. ప్రపంచంలో అత్యధికులు చూసిన ప్రసంగాల్లో అదొకటైంది. ఎవరైనా రెండు నిమిషాల్లో తిరిగి గీసి చెప్పగల బొమ్మ కావడమే దాని బలం. చేతికి అందే సాధనమిచ్చిన వక్తగా ఆయనను నేను మనస్ఫూర్తిగా గౌరవిస్తాను. అయితే ఆ వలయాలు మెదడులోని పొరలతో సరిపోతాయని ఆయన చెప్పిన భాగం నిలవదు. మెదడు అంత తేలిగ్గా పొరలుగా పని పంచుకోదు. గుర్తుండటానికీ నిజం కావడానికీ సంబంధం లేదు. రెండూ ఒకే చోట కుదిరినప్పుడు మాత్రం ప్రభావం వేరుగా ఉంటుంది. అదే ఏడాది బిల్ గేట్స్ టెడ్ వేదిక మీద సీసా మూత తీసి దోమల్ని వదిలారు. వాటికి మలేరియా లేదని ఆ తర్వాతే చెప్పారు. మలేరియా కంటే బట్టతల మందులకే ఎక్కువ ఖర్చు పెడుతున్నారని ఆయన ఆ ప్రసంగంలో చెప్పిన మాట, ఆ దోమల వల్ల హాల్లోని ధనవంతులకు సొంత విషయమైంది. దోమల్ని తీసేస్తే వాదన బలం తగ్గుతుంది. అలా తగ్గకపోతే అది ఉత్త గారడీ.

మైకు కింది వరుసలకు వెళ్ళాక

వక్తలో సరుకెంతో ప్రశ్నోత్తరాల్లో తేలుతుంది. 1997లో జాబ్స్ యాపిల్‌కు తిరిగొచ్చిన కొత్తలో, డెవలపర్ల సదస్సులో ఒకతను లేచి, మీకు తెలియని విషయాల గురించి మాట్లాడుతున్నారంటూ అందరి ముందూ అవమానించాడు. జాబ్స్ స్టూలు మీద కూర్చుని నీళ్ళు తాగారు. చాలాసేపు మౌనంగా ఉన్నారు. తర్వాత ఆయన నోట వచ్చిన మొదటి ముఖ్యమైన మాట, ఈ పెద్దమనిషి చెప్పింది కొన్ని విషయాల్లో నిజమేనని. అక్కడి నుంచి, వినియోగదారుడి అనుభవంతో మొదలుపెట్టి టెక్నాలజీ వైపు వెనక్కి నడవాలి తప్ప టెక్నాలజీతో మొదలుపెట్టి అమ్మే దారి వెతకకూడదని వివరించారు. తానూ ఆ తప్పు అందరికంటే ఎక్కువే చేశానన్నారు. అన్ని రిహార్సళ్ళు చేసిన ఐఫోన్ ప్రసంగం కంటే, సిద్ధం కాని ఈ నాలుగైదు నిమిషాలే నాకు పెద్ద పాఠంగా తోస్తాయి.

ఈ గుణం పుట్టుకతో వస్తుందని నమ్మేవాళ్ళకు ప్రసిద్ధ పెట్టుబడిదారు వారెన్ బఫెట్ జీవితమే జవాబు. యువకుడిగా ఉన్నప్పుడు నలుగురి ముందు నిలబడాలంటే ఆయనకు వాంతయ్యేంత భయం. నలుగురిలో మాట్లాడటం నేర్పే డేల్ కార్నెగీ కోర్సుకు ఒకసారి చెక్కిచ్చి, భయపడి చెల్లింపు ఆపించేశారు. 1950ల మొదట్లో మళ్ళీ ధైర్యం చేసి 100 డాలర్లు నగదు కట్టి చేరారు. ఆ ధైర్యం చల్లారకముందే ఒమాహాలో రాత్రి తరగతుల్లో పెట్టుబడుల పాఠాలు చెప్పడం మొదలుపెట్టారు. ఆయన ఆఫీసు గోడ మీద ఉన్నది యూనివర్సిటీ డిగ్రీ కాదు, ఆ కోర్సు సర్టిఫికెట్. ఆ మనిషే దశాబ్దాల పాటు తన కంపెనీ బెర్క్‌షైర్ వార్షిక సమావేశంలో వేలమంది వాటాదార్ల ముందు కూర్చుని, ముందుగా తెలియని ప్రశ్నలకు గంటల తరబడి జవాబులిచ్చారు. పక్కనే ఉండే వ్యాపార భాగస్వామి చార్లీ మంగర్, చెప్పడానికేం లేకపోతే ‘కలపడానికి ఏమీ లేదు’ అని ఊరుకునేవారు. ప్యానెల్ చర్చల్లో కూర్చునే ప్రతివాళ్ళూ ఆ రెండు మూడు పదాల్ని నేర్చుకుంటే శ్రోతలకు ఎంత సమయం మిగులుతుందో!

ఇంతకీ ఈ మూడు గుణాల్లో సదస్సు నిర్వాహకులు కొలిచేది ఒక్కటే. సెషన్ ముగిసిన ఐదు నిమిషాల్లో ఒక ఫారం పంచుతారు, ఐదుకు ఎన్ని మార్కులంటారు. డాక్టర్ ఫాక్స్‌కు మంచి మార్కులొచ్చిన పరీక్ష అది. 1968 డిసెంబరు 9న కంప్యూటర్ పరిశోధకుడు డగ్లస్ ఎంగెల్‌బార్ట్ శాన్‌ఫ్రాన్సిస్కోలో 90 నిమిషాల పాటు మౌస్‌ను, హైపర్‌టెక్స్ట్‌ను (నొక్కితే ఇంకో చోటికి తీసుకెళ్ళే పాఠ్యాన్ని), దూరాన ఉన్న సహచరుడితో తెర మీద కలిసి పనిచెయ్యడాన్ని చూపించారు. ఆయన గొంతులో ఎక్కడా ఆర్భాటం లేదు. లేచి నిలబడి చప్పట్లు కొట్టినవాళ్ళ చేతికి మౌస్ రావడానికి ఇంకో పదిహేనేళ్ళు పట్టింది. ఆ ఫలితం ఏ ఫారంలోనూ దొరకదు.

అంతకాలం ఆగక్కర్లేదు గానీ మూడు వారాలు ఆగొచ్చు. హాజరైనవాళ్ళకు మూడు వారాల తర్వాత రెండే ప్రశ్నలు పంపాలి: ఏ ప్రసంగం గురించి ఇంకొకరికి చెప్పారు, ఏమని చెప్పారు? వచ్చిన జవాబుల్ని వక్త చెప్పదలచుకున్న ముఖ్యవిషయం పక్కన పెట్టి చూడాలి. జవాబులు తక్కువే వస్తాయి. వచ్చే ఏడాది ఎవరిని పిలవాలో తేల్చుకోవడానికి ఆ కొన్నీ సరిపోతాయి.